చెమటకూ ఒక చరిత్ర వుంది

2015 జూన్. బడులు తెరిచి వారం దాటినా పదో తరగతికి తెలుగు పుస్తకాలు రాలేదు. ఖాళీగా కూర్చోబెట్టటమెందుకని శ్రీశ్రీ 'ప్రతిజ్ఞ' బోర్డు మీద రాసి చెప్పటం మొదలుపెట్టాను. ఘర్మజలం దగ్గరికి వచ్చేసరికి రెండో బెంచీ కుర్రవాడొకడు లేచి, "చెమట ఎందుకు పడుతుంది సార్?" అన్నాడు. కష్టపడితే పడుతుందన్నాను. "కష్టపడుతుంటేనే ఆగిపోయింది సార్ మా నాన్నకి. ఒళ్ళంతా పొడిగా కాలిపోయింది" అన్నాడు.

ఆ ఏడు మే నెలాఖరున వాళ్ళ నాన్న ఒక ఇంటి శ్లాబు పనికి వెళ్ళాడు. శ్లాబు పని గుత్తపని. ఒకసారి కాంక్రీటు పొయ్యటం మొదలుపెడితే చివరిదాకా పోసే దిగాలి. మధ్యలో ఆపితే అతుకు దగ్గర కారుతుంది. మధ్యాహ్నం రెండింటిదాకా తట్టలు మోసి, మాట తడబడుతుంటే ఇంటికి తీసుకొచ్చారు. సాయంత్రానికి పోయాడు. ఆ ఎండాకాలం మన దేశంలో వడదెబ్బకు రెండువేల మందికి పైగా చనిపోయారనీ, అందులో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్ళేననీ ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. ఈయన ఆ లెక్కల్లో లేడు. శవపరీక్ష జరగలేదు కనక అది వడదెబ్బని రుజువు కాలేదన్నారు.

నేను తెలుగు ఎమ్మేని. స్వేదం, ఘర్మం, చెమట అని పర్యాయపదాలు చెప్పగలను. సాత్త్విక భావాలు ఎనిమిదింటిలో స్వేదం ఒకటని చెప్పగలను. మన ప్రబంధాల్లో చెమట పట్టేది నాయికకు. అదీ నాయకుణ్ణి చూసినప్పుడు. పొలం దున్నే వాడికి చెమట పట్టిందని మన సాహిత్యం గుర్తించటానికి వెయ్యేళ్ళు పట్టింది. అభ్యుదయ కవిత్వం ఆ చెమటను నాయిక నుదుటి మీద నుంచి తీసుకొచ్చి కూలివాడి వీపు మీద పెట్టింది. అది చిన్న పని కాదు. కాని ఆ కుర్రవాడి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మా సైన్సు మాస్టారు ఒక పుస్తకం ఇచ్చాడు, అందులోంచి ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి. అలా కొన్నేళ్ళపాటు చదివాక తెలిసిందేమంటే, మనిషి తన ఒంటి వేడి గురించి తెలుసుకున్న చరిత్రను పనిచేసే వాడి చరిత్ర నుంచి విడదీసి చెప్పటం సాధ్యం కాదు. ఆ చరిత్ర మన రచయితలకు పనికొస్తుందనిపించి ఇది రాస్తున్నాను.

ప్రాచీనులకు ఒంట్లో నిప్పు వుందని తెలుసు. మనవాళ్ళు దాన్ని జఠరాగ్ని అన్నారు. గ్రీకుల్లో అరిస్టాటిల్ ఆ నిప్పు గుండెలో వుందన్నాడు. ఊపిరి పీల్చటం దాన్ని చల్లార్చటానికేనని అతనూ అన్నాడు, అతని తర్వాత అయిదు శతాబ్దాలకు గేలెన్ కూడా అన్నాడు. ఈ అభిప్రాయం యూరప్‌లో దాదాపు రెండువేల ఏళ్ళు బతికింది. దాన్ని వాదనతో కాక తూకంతో కదిలించినవాడు పాడువాలో వైద్యం చెప్పిన సాంటోరియో. ఒక పెద్ద త్రాసుకు కుర్చీ వేలాడగట్టి, అందులో కూర్చునే తిని, తాగి, తను తిన్నదీ విసర్జించినదీ సుమారు 30 సంవత్సరాలపాటు తూచుకున్నాడు. ఎనిమిది పౌన్లు లోపలికి పోతే అందులో అయిదు పౌన్లు కంటికి కనపడకుండానే ఒంట్లోంచి ఆవిరిగా వెళ్ళిపోతున్నదని 1614లో ప్రచురించాడు. చెమట పట్టనప్పుడు కూడా మనం చెమటోడుస్తూనే వున్నామన్నమాట.

ఇక్కణ్ణుంచి కథ ఎండలోకి వస్తుంది. 18వ శతాబ్దం మొదట్లో లైడెన్‌లో బూర్‌హావే అనే వైద్యాచార్యుడు, తన రక్తం కంటె వేడిగా వున్న గాలిలో ఏ ప్రాణీ బతకలేదని సిద్ధాంతం చేశాడు. థర్మామీటరుకు పేరుబడ్డ ఫారన్‌హీట్ సాయంతో చక్కెర ఆరబెట్టే గదిలో కుక్కనూ పిల్లినీ పిచ్చికనూ పెట్టించి చూశాడు. అవి చచ్చాయి. సిద్ధాంతం నిలబడింది. అయితే ఆ రోజుల్లోనే కరీబియన్ దీవుల్లో ఆ చక్కెరకు చెరుకు పండించే బానిసలు అలాంటి ఎండలో పనిచేస్తూ బతికే వున్నారు. యూరప్ విశ్వవిద్యాలయాల దృష్టికి అది సాక్ష్యంగా రాలేదు.

సాక్ష్యం ఎలా వచ్చిందో చూడండి. 1758లో హెన్రీ ఎల్లిస్ లండన్‌కు ఒక ఉత్తరం రాశాడు. అతను అమెరికాలోని జార్జియా వలసకు గవర్నరు. అంతకుముందు బానిసలను మోసే ఓడకు కెప్టెను. థర్మామీటరును గొడుగుకు కట్టి తన ముక్కు ఎత్తున వేలాడదీసుకుని నూరు గజాలు నడిచాననీ, పాదరసం 105 ఫారన్‌హీట్ డిగ్రీలకు ఎక్కిందనీ, దాన్నే ఒంటికి ఆనిస్తే 97 దాటలేదనీ రాశాడు. గాలి తన ఒంటి కంటె వేడిగా వున్నా మనిషి బతుకుతాడని అలా లండన్ పండితులకు రూఢి అయింది. జార్జియాలో బానిసత్వంపై వున్న నిషేధాన్ని ఎత్తేసి అప్పటికి ఏడేళ్ళయింది. గవర్నరు గొడుగు కింద నూరు గజాలు నడుస్తుండగా ఆ నేలమీద గొడుగు లేకుండా పొద్దస్తమానం వంగి పనిచేసేవాళ్ళున్నారు. వాళ్ళ ఒంటికి థర్మామీటరు ఆనించాలన్న ఆలోచన ఆ ఉత్తరంలో లేదు.

అదే 1758లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా ఒక వైద్య మిత్రుడికి ఉత్తరం రాశాడు. ఇది మరీ ముఖ్యమైనది. ఎనిమిదేళ్ళ కిందట ఫిలడెల్ఫియాలో 100 డిగ్రీల వేడి వున్న ఒక రోజున, తడిసిన చొక్కాతో కిటికీ దగ్గర కూర్చుంటే హాయిగా వుందనీ, పొడిచొక్కా వేసుకుంటే అదే ఎక్కువ వేడిగా అనిపించిందనీ గుర్తుచేసుకున్నాడు. చెమట ఆరుతూ వేడిని తీసుకుపోతుంది, అందుకే ఒళ్ళు గాలి కంటె చల్లగా వుంటుందన్నాడు. సిద్ధాంతం సరైనదే. ఉదాహరణకు ఎవరిని తీసుకున్నాడు? పెన్సిల్వేనియా కోతకూలీలను. వాళ్ళు చెమట పడుతున్నంతసేపూ, దానికోసం రమ్ము కలిపిన నీళ్ళు తాగుతున్నంతసేపూ ఎండలో కోస్తూనే వుంటారట. చెమట ఆగితే కూలిపోతారట, ఒక్కొక్కప్పుడు అక్కడికక్కడే చనిపోతారట.

ఈ మాటలు చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను. మా కుర్రవాడు రెండో బెంచీలోంచి లేచి అన్నది ఇదే. 257 ఏళ్ళ కిందటే ఒక ప్రఖ్యాతుడి ఉత్తరంలో రాసివుంది.

ఫ్రాంక్లిన్ అక్కడ ఆగలేదు. నీగ్రోలకు చెమట తొందరగా ఆరుతుందేమో, అందుకే వాళ్ళు తెల్లవాళ్ళ కంటె ఎండకు తట్టుకుంటారేమో అన్నాడు. వెంటనే, అది నిజమైతే సుమా, వెస్టిండీస్ పొలాలకు నీగ్రోలే కావాలనే వాదమంతా ఆ నమ్మకం మీదే నిలబడివుంది అని కూడా అన్నాడు. అంటే చెమటను గురించిన ఆధునిక సిద్ధాంతం పుట్టిన రోజునే, ఆ సిద్ధాంతం ఎవరికి కావాలో కూడా దాని పక్కనే రాసివుంది. ఫ్రాంక్లిన్ చిత్తశుద్ధిని నేను శంకించటం లేదు. అనుమానాన్ని అనుమానంగానే పెట్టాడు. అతని తర్వాతివాళ్ళు మాత్రం 'అయితే సుమా' అనేదాన్ని వదిలేసి మిగతాది వాడుకున్నారు.

ఇప్పుడు లండన్‌కు వెళదాం. 1774 జనవరిలో జార్జి ఫోర్డయిస్ అనే వైద్యుడు గదులను కాల్చి వేడిచేయించి మిత్రులను పిలిచాడు. వచ్చినవాళ్ళలో చార్లెస్ బ్లాగ్డెన్, జోసెఫ్ బాంక్స్, సోలాండర్ వంటి పెద్దలున్నారు. మొదట 200 ఫారన్‌హీట్ డిగ్రీలు దాటిన గదిలోకి వెళ్ళారు. ఏప్రిల్‌లో 260 డిగ్రీలదాకా పోయారు. అంటే 127 సెంటిగ్రేడ్ డిగ్రీలు. నీళ్ళు మరిగే వేడి కంటె ఎక్కువ. గదిలో పెట్టిన గుడ్లు గట్టిపడ్డాయి, మాంసం వేగింది. గడియారపు గొలుసు ముట్టుకుంటే కాలింది. బ్లాగ్డెన్ తన పక్కలు తనే తడుముకుంటే శవంలా చల్లగా తగిలాయట; నాలిక కింద పెట్టిన థర్మామీటరు మాత్రం 98 చూపించింది. కొద్ది నిమిషాలు వుండి బయటికొచ్చారు.

ఈ ప్రయోగాల్లో నాకు బాగా నచ్చింది మనుషులతో చేసింది కాదు, కుండతో చేసింది. ఆ వేడి గదిలో ఒక పాత్రలో నీళ్ళు పెడితే ఎంతసేపటికీ మరగలేదు. ఆ నీటి మీద కాస్త నూనె పోస్తే మరిగాయి. ఆవిరి పోయే దారి వున్నంతసేపూ నీళ్ళు తమను తాము చల్లబరుచుకుంటున్నాయి. నూనెపొర ఆ దారి మూసింది. తేమతో నిండిన గదిలో మనిషి ఎందుకు తట్టుకోలేడో ఫోర్డయిస్ వేరే ప్రయోగాల్లో చూశాడు గాని, ఈ నూనెపొర అంతకంటె బాగా చెబుతుంది. మన కోస్తా ఉక్కపోత మనిషి మీద పోసిన నూనెపొర.

పారిస్‌లో లవాయిజర్ రెండో సగం పూర్తిచేశాడు. వేడి ఎలా పోతుందో కాదు, ఎక్కణ్ణుంచి వస్తుందో. 1782-83 చలికాలంలో లాప్లాస్‌తో కలిసి మంచు నింపిన పాత్రలో గినీపంది నుంచి, అది కరిగించిన మంచునుబట్టి వేడి లెక్కగట్టాడు. ఊపిరి అంటే చల్లార్చటం కాదు, మండటం. కొవ్వొత్తి మండటంలాంటిదే, నెమ్మదిగా జరుగుతుంది. ఆ తర్వాత సెగ్విన్ అనే సహచరుణ్ణి కూర్చోబెట్టి, అతను ఊరికే వున్నప్పుడూ, తిన్నాకా, కాలితో బరువు తొక్కుతున్నప్పుడూ ఎంత ప్రాణవాయువు ఖర్చవుతున్నదో కొలిచాడు. పనిచేస్తే ఖర్చు కొన్ని రెట్లయింది. ఆ కొలతలు జరుగుతుండగా మదాం లవాయిజర్ గీసిన బొమ్మలు నేటికీ వున్నాయి.

ఇది 1789. విప్లవ సంవత్సరం. ఆ శాస్త్ర పత్రం మధ్యలో లవాయిజర్ హఠాత్తుగా ఒక మాటంటాడు. ఊపిరిని గాలి పీల్చటంగా మాత్రమే చూసినంతకాలం బీదాగొప్పా ఒకటేననిపించింది, ఎందుకంటే గాలికి ఖరీదు లేదు. ఇప్పుడు ఊపిరి అంటే ఒళ్ళు మండటమని తెలిసింది. కాయకష్టం చేసేవాడి ఒళ్ళు ఎక్కువ మండుతుంది, అతనికే తిండి ఎక్కువ కావాలి. మరి అవసరం లేనివాడి దగ్గర సమృద్ధి వుండి, అవసరమున్నవాడి దగ్గర లేకపోవటమేమిటి? దీనికి ప్రకృతిని నిందించవద్దు, ఇది మన సంఘ వ్యవస్థల తప్పు అన్నాడు. శరీరశాస్త్రం ఆర్థికశాస్త్రం గుమ్మం దాకా వచ్చి తలుపు తట్టటం అదే మొదటిసారని నా అభిప్రాయం.

అయితే అన్నవాడెవడు? ఫ్రాన్సు రాజుకు పన్నులు వసూలుచేసి పెట్టే గుత్తదారుల సంఘంలో భాగస్వామి. ఆ పన్నుల్లో ముఖ్యమైనది ఉప్పు పన్ను. చెమటతో పోయే ఉప్పును మళ్ళీ కొనుక్కోవలసిన వాడి దగ్గర వసూలు చేసిన డబ్బే ఆ ప్రయోగశాల నడపటానికి తోడ్పడింది. 1794 మే 8న తక్కిన గుత్తదారులతోపాటు లవాయిజర్ తల తీశారు. దీన్ని విజ్ఞానానికీ విప్లవానికీ పడదనటానికి ఉదాహరణగా చెప్పేవాళ్ళున్నారు. ఆ తల తియ్యటాన్ని నేను సమర్థించను. అతని పత్రంలోని ఆ పేరాను దాచిపెట్టి అతని మరణాన్ని మాత్రమే చెప్పటాన్నీ సమర్థించను.

తర్వాతి వందేళ్ళు తొందరగా చెప్పుకోవచ్చు. 1840లో రాబర్ట్ మేయర్ అనే యువవైద్యుడు డచ్చి ఓడలో జావా వెళ్ళి, అక్కడ నావికుల సిరల నుంచి తీసిన రక్తం మామూలు కంటె ఎర్రగా వుండటం చూశాడు. ఉష్ణదేశంలో ఒంటిని వెచ్చగా వుంచటానికి తక్కువ మండితే చాలు కనక రక్తంలో ప్రాణవాయువు మిగిలిపోతోందని ఊహించాడు. ఆ ఊహ వెంట పోయి, శక్తి నశించదు, రూపం మార్చుకుంటుందనే సూత్రానికి 1842లో చేరాడు. 1850ల మొదట్లో క్లోద్ బెర్నార్ కుందేలు మెడలో ఒక నరం కోస్తే ఆ వైపు చెవి వెచ్చబడింది. చర్మంలోని రక్తనాళాలను బిగించి వదులుచేసే నరాలున్నాయని అలా తెలిసింది. 1868లో వుండర్‌లిష్ సుమారు 25 వేలమంది రోగుల కొలతలతో 37 డిగ్రీలు ఆరోగ్యానికి గుర్తన్నాడు. మెదడు అడుగున హైపోథలమస్ అనే చిన్నభాగం ఈ వ్యవహారమంతా నడిపిస్తుందని ఆ తర్వాతి పరిశోధనలు తేల్చాయి. వేడిని పసిగట్టే ఒక మాంసకృత్తును మిరపకారం సాయంతో 1997లో కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో సగం వచ్చింది. 43 డిగ్రీల వేడికీ మిరపకాయకీ ఒకే ద్వారం తెరుచుకుంటుంది. గుంటూరు కారం తిని చెమటలు పట్టే మనకు ఇది వింతగా తోచదు.

ఇప్పుడు కుర్రవాడి ప్రశ్నకు జవాబు చెప్పుకోవచ్చు. కండరం పనిచేసినప్పుడు ఖర్చయ్యే శక్తిలో నాలుగోవంతు కూడా పనిగా మారదు, మిగతాదంతా వేడే. బరువుపని చేసేవాడి ఒంట్లో గంటకు 300 కిలోకేలరీల వేడి సులభంగా పుడుతుంది. 50 కిలోల మనిషి ఒళ్ళు ఒక డిగ్రీ వేడెక్కటానికి 40 చాలు. ఆ వేడి బయటికి పోకపోతే గంటలో ఏడు డిగ్రీలు పెరగాలి. నాలుగు పెరిగేలోపే మనిషి పడిపోతాడు. అలా జరక్కుండా గుండె చర్మానికి రక్తం తోలుతుంది, రక్తం వేడిని మోసుకొస్తుంది. గాలి ఒంటి కంటె చల్లగా వుంటే ఆ వేడి గాలిలోకి పోతుంది. గాలే వేడిగా వుంటే మిగిలేది చెమటొక్కటే. ఇరవై లక్షలకు పైగా వున్న స్వేదగ్రంథులు గంటకు లీటరు దాకా నీళ్ళు పోస్తాయి. లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 580 కిలోకేలరీలు పోతాయి. ఆరితేనే. నేలమీద రాలిన చెమటచుక్క ఒంటిని చల్లబరచదు, అది వృథా. నీళ్ళు తాగకపోతే రక్తం తరుగుతుంది. అప్పుడు అదే రక్తం కోసం కండరమూ చర్మమూ పోటీపడతాయి. చివరికి ఏర్పాటంతా చెడుతుంది. ఒంటి వేడి 40 దాటుతుంది, మాట తడబడుతుంది, ఒక్కొక్కరికి చెమట ఆగిపోతుంది. అప్పుడు మనిషిని నీళ్ళతో తడిపి విసిరి, దొరికితే చన్నీళ్ళలో ముంచి అరగంటలోపు చల్లబరిస్తే బతికే అవకాశం ఎక్కువ. పడుకోబెట్టి దుప్పటి కప్పితే తక్కువ.

గాలి ఎంత చెమటను ఆర్చగలదో తెలిసేదెట్లా? థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి చూడటమే. ఆ అంకెకు మనిషి ప్రాణంతో వున్న సంబంధాన్ని స్పష్టంగా తేల్చినవాడు జాన్ స్కాట్ హాల్డేన్. కార్న్‌వాల్ తగరపు గనుల్లోని వేడిలోకి తనే దిగాడు. 1905లో ప్రచురించిన పత్రంలో, గాలి కదలని చోట మామూలు థర్మామీటరు ఎంత చూపిస్తున్నా ఫరవాలేదు, తడిగుడ్డ థర్మామీటరు 88 ఫారన్‌హీట్, అంటే 31 సెంటిగ్రేడ్ డిగ్రీలు దాటితే మాత్రం చొక్కా విప్పి ఊరికే కూర్చున్న వాడి ఒళ్ళు కూడా వేడెక్కుతూ పోతుందన్నాడు. 44 డిగ్రీల ఎండలో తేమ 15 శాతం వున్న రామగుండంలో తడిగుడ్డ అంకె 23 దగ్గరుంటుంది. 38 డిగ్రీలే వున్నా తేమ 60 శాతం వున్న కోస్తా ఊళ్ళో అది 31 దాటుతుంది. పత్రికల్లో మొదటి ఊరికే పెద్ద అక్షరాలు పడతాయి. 1923లో మాస్ అనే పరిశోధకుడు, బొగ్గుగనుల్లో కార్మికులకు కండరాలు పట్టెయ్యటానికి కారణం చెమటతో ఉప్పు పోవటమేననీ, ఉప్పునీళ్ళు ఇస్తే తగ్గుతుందనీ చూపించాడు. మన పల్లెల్లో ఉప్పు వేసిన మజ్జిగా గంజీ తాగి పొలానికి పోయేవాళ్ళకు ఈ మాట కొత్తదేం కాదు.

హాల్డేన్ ఆ అంకెను మనుషుల్ని కాపాడటానికి ఇచ్చాడు. అదే విజ్ఞానం దక్షిణాఫ్రికా బంగారు గనుల్లోకి వెళ్ళి ఏమైందో చూడాలి. విట్‌వాటర్స్‌రాండ్‌లో గనులు లోతుగా పోతున్నకొద్దీ రాయి వేడెక్కింది. రాతి దుమ్ముకు ఊపిరితిత్తులు పాడవుతున్నాయని, దుమ్ము అణచటానికి నీళ్ళు చల్లారు. నీళ్ళతో దుమ్ము తగ్గింది, గాలి తేమతో నిండింది. 1924 నుంచి వడదెబ్బ చావులు మొదలయ్యాయి. ఎండ పొడకూడా సోకని చోట వడదెబ్బ! గనిలోకి చల్లగాలి పంపటం ఖర్చు. మనుషుల్ని ఏరుకోవటం చవక. 1930లలో డ్రయోస్టి అనే గని వైద్యుడు ఒక వేడి గది కట్టించి, కొత్తగా వచ్చిన నల్లజాతి కూలీల చేత అందులో పని చేయించి, ఒంటి వేడి ఎవరికి ఎంత పెరిగిందో చూసి తరగతులుగా విడదీశాడు. తర్వాతి దశాబ్దాల్లో ఇది పెద్ద యంత్రాంగమైంది. ఆవిరి నిండిన గదుల్లో వందలాదిమంది ఒకేసారి, తాళానికి సరిగా దిమ్మెలెక్కుతూ దిగుతూ, రోజుకు నాలుగు గంటల చొప్పున ఎనిమిది రోజులు. మధ్యమధ్య థర్మామీటరు. తట్టుకున్నవాళ్ళు లోపలికి, తట్టుకోనివాళ్ళు పక్కకు.

ఇందులో శాస్త్రపరంగా తప్పేమీ లేదు. అదే భయంకరమైన విషయం. వారం పదిరోజులు వేడిలో పనిచేస్తే శరీరం నిజంగానే అలవాటుపడుతుంది. చెమట ముందుగా మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. వడదెబ్బ చావులు నిజంగానే తగ్గాయి. మరోపక్క, అలవాటైతే ఏ జాతివాడైనా తట్టుకుంటాడనీ, ప్రధానమైనది అలవాటేగాని రంగు కాదనీ కూడా పరిశోధనల్లో తేలింది. ఫ్రాంక్లిన్ 'అయితే సుమా'కు జవాబు దొరికింది. అయినా వేడి గదిలో దిమ్మెలెక్కింది నల్లవాళ్ళే. 1913 భూమి చట్టంతో పొలాలు పోయి గనులకు వచ్చినవాళ్ళ పిల్లలూ, పొరుగు దేశాల నుంచి ఒప్పందం మీద వచ్చినవాళ్ళూ వాళ్ళు. బ్లాగ్డెన్ గదికీ ఈ గదికీ తేడా డిగ్రీల్లో లేదు. ఆ గది తలుపు లోపలివాడి చేతిలో వుంది.

నేను చెప్పదలుచుకున్నది ఈ తలుపును గురించే. ఒంటి వేడి సర్దుకునే పద్ధతులు రెండు. ఒకటి మన ప్రమేయం లేకుండా జరిగేది: చెమట, రక్తనాళాలు, చలేస్తే వణుకు. రెండోది మనం చేసేది: నీడకు పోవటం, నీళ్ళు తాగటం, పని ఆపటం. రెండోది మొదటిదాని కంటె బలమైనది. గేదెకు చెమట సరిగా పట్టదు, అది మధ్యాహ్నమయ్యేసరికి చెరువులో దిగుతుంది. దాన్ని ఎవరూ ఆపరు. మనిషికి సృష్టిలో అన్ని జంతువుల కంటె గొప్ప స్వేదగ్రంథులున్నాయి. కాని పని ఆపే హక్కు అతని హైపోథలమస్ చేతిలో లేదు, మేస్త్రీ చేతిలో వుంది. గుత్తపనిలో మేస్త్రీ కూడా అక్కర్లేదు, కూలి లెక్కే మేస్త్రీ. మొదటి పద్ధతికి శరీరశాస్త్రం చాలు. రెండోదానికి ఉత్పత్తి సంబంధాలు కూడా తెలియాలి.

మన చట్టాలు చూడండి. 2017 దాకా అమల్లో వున్న బొగ్గుగనుల నిబంధనలు (1957) పనిస్థలంలో తడిబల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటకూడదన్నాయి, 30.5 దాటితే గాలి సెకనుకు మీటరు వేగంతో తగ్గకుండా ఆడాలన్నాయి. సింగరేణి కార్మికుడికి కాగితం మీదైనా ఒక అంకె వుంది. అది అమలవుతున్నదా లేదా అని అతను పోట్లాడవచ్చు. నేలమీద, ఆకాశం కింద, పొలంలోనూ శ్లాబు మీదా పనిచేసే వాడికి అలాంటి అంకే లేదు. మార్చి రాగానే మా బడులకు ఒంటిపూట పెడతారు. పిల్లల ఒంటికి ఎండ పడదని ప్రభుత్వానికి తెలుసు. అదే పిల్లల తల్లిదండ్రులకు రెండు పూటలూ పనే. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకు మూడువేల మందికి పైగా పోయారు, పన్నెండేళ్ళకు 2015 వచ్చింది. ఎండను తిట్టిపోశాం. ప్రకృతిని నిందించవద్దని 1789లో లవాయిజర్ అన్నది ఇలాంటిచోటే.

ఇక మన కవిత్వం సంగతి. మనం రాసిన చెమట దాదాపు ఎప్పుడూ నేలమీద రాలుతుంది. రాలి ముత్యమవుతుంది, విత్తనమవుతుంది, నదవుతుంది. నేనూ అలాంటివి మెచ్చుకుంటూ సమీక్షలు రాశాను. ఇప్పుడు చదివితే ఒక అనుమానం వస్తోంది. చెమట ఎంత ఎక్కువ రాలితే అంత గొప్ప శ్రమ అని పొగడటం యజమాని చూపుకు మరీ దూరమా? అతనూ అదే చూసి సంతోషిస్తాడు. చెమట శ్రమకు పతకం కాదు, శరీరం చేస్తున్న ఫిర్యాదు. నూనెపొర కింద మరిగే నీళ్ళ గురించి, పొడిబారిన ఒంటి గురించి, శ్లాబు మధ్యలో ఆపితే కారుతుందన్న మాటకు ఎదురుచెప్పలేని మనిషి గురించి మన కథల్లో ఎన్ని వున్నాయి? కొన్ని వుండవచ్చు. నేను చదివినవి తక్కువ.

కుర్రవాడికి ఇదంతా అప్పుడే చెప్పలేదు, నాకే తెలీదు. ఆ వారం చేసింది ఒక్కటే. సైన్సు మాస్టారు దగ్గర రెండు థర్మామీటర్లు అడిగి తెచ్చి, ఒకదానికి తడిగుడ్డ చుట్టి, రెంటినీ వరండాలో వేలాడదీశాం. పన్నెండింటికి వాణ్ణే చూడమన్నాను. పొడిది 38, తడిది 30. రెండు అంకెలూ నోటుబుక్కు చివరి పేజీలో రాసుకుని, "నెలకిందట ఆ రోజువి ఎక్కడన్నా దొరుకుతాయా సార్?" అన్నాడు. వాతావరణ కేంద్రాల్లో రోజూ రాసిపెడతారు, దొరుకుతాయన్నాను.